ఊహకు చోటివ్వని డిజైన్ సిస్టమ్: ఏఐతో కట్టడం, కాపాడుకోవడం

లాగిన్ స్క్రీన్ ఒకటి చేసిపెట్టమని ఏఐ టూల్‌ని అడగండి. టీ తాగి వచ్చేలోపు చేసి చూపిస్తుంది. బాగానే ఉంటుంది కూడా. మర్నాడు కొత్త సెషన్ తెరిచి ప్రొఫైల్ స్క్రీన్ అడగండి. అదీ బాగానే ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది తేడా. ఒకదాంట్లో బటన్ మూలలు 8 పిక్సెళ్ళు గుండ్రంగా ఉంటే, రెండోదాంట్లో 12. రెండుచోట్లా నీలమే, అయితే వేర్వేరు నీలాలు. ఒకచోట ‘సేవ్ చేయండి’ అని మర్యాద, మరోచోట ‘భద్రపరచు’ అని హుకుం. ఇలాంటివి ఇరవై స్క్రీన్లు పోగయ్యాక వాటిని ఒక దారికి తేవాలంటే తాతలు దిగివస్తారు.

తప్పు టూల్‌ది అనుకుని ఊరుకుంటే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. మూల ఎంత గుండ్రంగా ఉండాలో మీరు చెప్పలేదు, అది ఊహించింది. మర్నాడు మళ్ళీ ఊహించింది. ఏఐ ఊహించిన ప్రతిచోటా మీరు రాసిపెట్టని నిర్ణయం ఒకటి ఉంటుంది. అలాంటి నిర్ణయాలను ఒక్కొక్కటిగా పట్టుకుని, పేరుపెట్టి, రాసి, అవి అమలవుతున్నాయో లేదో చూసుకుంటూ ఉండటమే డిజైన్ సిస్టమ్ పని. ఆ పనిని ఏ వరసలో నేర్చుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

డిజైన్ సిస్టమ్‌లో ఏమేం ఉంటాయి

ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో పొందిగ్గా సర్దిన బటన్ల పేజీని చూపించి ఇదే మా డిజైన్ సిస్టమ్ అంటారు చాలామంది. అది అందులో ఒక భాగం మాత్రమే. స్క్రీన్‌ని చిన్న ముక్కల నుంచి పైకి కట్టుకుంటూ పోవాలన్న ఆలోచనకు బ్రాడ్ ఫ్రాస్ట్ 2013లో ‘అటామిక్ డిజైన్’ అని పేరుపెట్టారు. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ ప్రకటించింది. దాదాపు అదే కాలంలో సేల్స్‌ఫోర్స్‌లో జీనా ఆన్, ఆమె సహచరులు రంగు, సైజు లాంటి విలువలకు ‘డిజైన్ టోకెన్లు’ అన్న పేరుని వాడుకలోకి తెచ్చారు. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్ సేవలన్నిటి కోసం 2018లో గవ్.యూకే డిజైన్ సిస్టమ్‌ని విడుదల చేసింది. మన కేంద్ర ప్రభుత్వానికి కూడా యూఎక్స్4జీ పేరుతో ఒకటుంది. ఇవన్నీ నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఏ కోర్సులో చేరేముందైనా వీటిలో ఒక్కదాన్ని పూర్తిగా చదవండి.

చదివితే ఐదు పొరలు కనిపిస్తాయి. అడుగున టోకెన్లు: రంగులు, ఖాళీలు, అక్షరాల సైజులు. వాటిపైన కాంపొనెంట్లు: బటన్, ఇన్‌పుట్, కార్డు. ఆపైన ప్యాటర్న్‌లు: లాగిన్ ఎలా జరగాలి, తప్పు జరిగినప్పుడు ఏం చెప్పాలి. నాలుగోది వాడుక నియమాలు: దేన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు. ఐదోది పాలన: ఎవరు మార్చవచ్చు, మారిస్తే ఎవరికి చెప్పాలి. మొదటి మూడు పొరల్లో ఏఐ చాలా సాయం చేస్తుంది. చివరి రెండూ మీరు, మీ టీమ్ కూర్చుని తేల్చుకోవాల్సినవి. అవి తేలకపోతే మొదటి మూడింటి వేగం గందరగోళాన్నే పెంచుతుంది.

మొదటి అడుగు: ఉన్నదాన్ని లెక్కపెట్టండి

కొత్త సిస్టమ్‌ని ఖాళీ పేజీ మీద మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది. ఆ కోరికను కాసేపు ఆపుకోండి. మీ యాప్‌లో ఇప్పటికే ఎన్ని రకాల బటన్లు, ఎన్ని బూడిదరంగులు, ఎన్ని ఫాంట్ సైజులు ఉన్నాయో ముందు తెలియాలి. స్క్రీన్‌షాట్లు తీసి, కత్తిరించి, ఒకేచోట అతికించి చూడటం పాత పద్ధతి. ఇప్పటికీ అంతకన్నా కళ్ళు తెరిపించేది లేదు.

ఇక్కడ ఏఐని వాడే తీరులోనే నేర్పు ఉంది. స్క్రీన్‌షాట్లు ఇచ్చి ‘ఇందులో ఎన్ని రంగులున్నాయి’ అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతుంది. అది నిజమో కాదో మీకు తెలియదు. దానికి బదులు ఇలా అడగండి: ‘ఈ ప్రాజెక్టులోని స్టైల్ ఫైళ్ళన్నీ చదివి, వాడిన ప్రతి రంగు విలువనూ, అది ఎన్నిసార్లు, ఏ ఫైల్లో వచ్చిందో పట్టికగా ఇచ్చే స్క్రిప్ట్ రాయి.’ ఆ స్క్రిప్ట్‌ని మీరు నడపండి. లెక్క ప్రోగ్రామ్ చేస్తుంది కాబట్టి ఎన్నిసార్లు నడిపినా అదే జవాబు వస్తుంది. ఆ పట్టికను తిరిగి ఏఐకి ఇచ్చి, దగ్గరదగ్గరగా ఉన్న రంగులను గుంపులుగా చేయమనండి. గుంపులు కట్టడంలో దాని చెయ్యి మంచిది. ఏ గుంపులో ఏ రంగు ఉండాలో, ఏది పోవాలో మీరు తేల్చండి.

జవాబు అడగడం కన్నా జవాబుని కనిపెట్టే పనిముట్టుని అడగడం మేలు. డిజైన్ సిస్టమ్‌లో లెక్క, కొలత, పోలిక ఉన్న ప్రతి పనికీ ఇదే సూత్రం.

రెండో అడుగు: టోకెన్ పేరులో పని కనిపించాలి

టోకెన్లను మూడు అంతస్తులుగా రాసుకోవడం బాగా అలవాటైన పద్ధతి. మొదటి అంతస్తులో ముడి విలువలు: ‘నీలం.600’ అంటే ఫలానా రంగు, అంతే. రెండో అంతస్తులో ఆ విలువకి పని అప్పగిస్తారు: ‘కలర్.యాక్షన్.ప్రైమరీ’ అంటే యూజర్ నొక్కాల్సిన ముఖ్యమైన దాని రంగు. మూడో అంతస్తులో అది ఏ కాంపొనెంట్‌లో ఎక్కడ కూర్చుంటుందో చెబుతారు: ‘బటన్.ప్రైమరీ.బ్యాక్‌గ్రౌండ్’. డార్క్ మోడ్ తేవాలంటే రెండో అంతస్తులో పేర్లు అలాగే ఉంచి, అవి చూపే ముడి విలువలు మారిస్తే చాలు. కాంపొనెంట్ జోలికి వెళ్ళక్కర్లేదు.

ఏఐ రాసే కోడ్‌లో తరచూ కనిపించే లోపం ఇక్కడే ఉంటుంది. అది రెండో అంతస్తుని దాటేసి నేరుగా ‘నీలం.600’ వాడేస్తుంది, లేదా టోకెన్‌నే పట్టించుకోకుండా రంగు విలువని కోడ్‌లో దిగ్గొడుతుంది. ఆ రోజు స్క్రీన్ మీద తేడా ఏమీ ఉండదు. డార్క్ మోడ్ వచ్చిన రోజున బయటపడుతుంది. అందుకే ప్రతి టోకెన్‌కీ రెండు వాక్యాలు రాయండి: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు. ‘కలర్.టెక్స్ట్.డేంజర్: తప్పు జరిగిందని చెప్పే వాక్యానికి. ఆఫర్లకీ, డిస్కౌంట్ ధరలకీ వాడవద్దు.’ ఆ రెండో వాక్యం లేకపోతే మనిషి అయినా, ఏఐ అయినా ఎర్రరంగు కావాల్సిన చోటల్లా దాన్నే పట్టుకుంటారు.

టోకెన్లను ఎలాంటి ఫైల్లో రాయాలన్నదానికి వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీలోని డిజైన్ టోకెన్స్ కమ్యూనిటీ గ్రూప్ 2025 అక్టోబరులో తొలి స్థిరమైన వెర్షన్ ప్రకటించింది. కొత్తగా మొదలుపెడుతున్నవారు ఆ ఫార్మాట్‌లోనే రాసుకుంటే తర్వాత టూల్ మారినా ఫైల్ మారక్కర్లేదు. అమెజాన్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన స్టైల్ డిక్షనరీ లాంటి టూల్ ఒకే టోకెన్ ఫైల్ నుంచి వెబ్‌కీ, ఆండ్రాయిడ్‌కీ, ఐఓఎస్‌కీ కావాల్సిన కోడ్ తీసి ఇస్తుంది. ఫిగ్మాలో 2023లో వచ్చిన వేరియబుల్స్ కూడా ఇదే ఆలోచనకు రూపం.

రంగులు ఖాయం చేసేముందు కాంట్రాస్ట్ కొలవండి. డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకరంగుకు మధ్య కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెల్లటి నేపథ్యం మీద #767676 అనే బూడిదరంగు 4.5:1 గీత దాటుతుంది, #777777 దాటదు. ఆ రెండిటి తేడా కంటికి ఆనదు. ఏఐని అడిగితే రెండూ బాగానే ఉన్నాయనవచ్చు. కాంట్రాస్ట్ కొలిచే టూల్‌కే ఆ మాట వదిలేయండి. మన దేశంలో దీనికి చట్టం బలం కూడా ఉంది. డిజిటల్ సేవలు వికలాంగులతో సహా అందరికీ అందాలన్నది జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మూడో అడుగు: ఒక్క బటన్‌ని సాంతం చేయండి

కొత్తవాళ్ళు నలభై కాంపొనెంట్లు ఒక్కసారే చేయమని ఏఐకి చెబుతారు. అది చేసేస్తుంది కూడా. వాటిని చదివి సరిచూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఒక్క బటన్‌తో మొదలుపెట్టి దాన్ని సాంతం పూర్తి చేయండి. ఆ ఒక్కటీ మిగతా వాటికి ఒరవడి అవుతుంది.

కోడ్ కన్నా ముందు బటన్ ఒప్పందం రాయండి. ఒక పేజీ చాలు. అందులో ఇవి ఉండాలి:

ఎన్ని రకాలు: ప్రైమరీ, సెకండరీ, డేంజర్. అంతకన్నా ఎక్కువైతే కారణం రాయాలి.
ఎన్ని స్థితులు: మామూలు, కర్సర్ పెట్టినప్పుడు, కీబోర్డు ఫోకస్, నొక్కినప్పుడు, పనిచేయనప్పుడు, లోడ్ అవుతున్నప్పుడు.
సైజు: డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్ళ చదరం అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో 48 డీపీ, ఆపిల్‌లో 44 పాయింట్లు వేలికి సౌకర్యమని ఆ సంస్థలే సూచిస్తాయి.
మాట: బటన్ మీద ఏం రాయాలి, ఎన్ని పదాల వరకు.
నిషేధం: వేరే పేజీకి తీసుకెళ్ళే పని బటన్‌ది కాదు, లింక్‌ది. ఒక స్క్రీన్‌లో ప్రైమరీ బటన్ ఒకటే.

ఈ పేజీని ఏఐకి ఇచ్చి, కోడ్ రాయమనే ముందు ఒక మాట అడగండి: ‘ఇందులో నువ్వు ఊహించాల్సి వచ్చేవి ఏమిటో ముందు చెప్పు.’ లోడ్ అవుతున్నప్పుడు బటన్ వెడల్పు మారాలా, ఐకాన్ ఒక్కటే ఉంటే స్క్రీన్ రీడర్ ఏం చదవాలి లాంటి ప్రశ్నలు వస్తాయి. జవాబులు చాట్‌లో చెప్పి వదిలేయకుండా ఒప్పందం పేజీలో చేర్చండి. చాట్‌లోని మాట ఆ సెషన్‌తోనే పోతుంది, పేజీలో రాసింది తర్వాతివాళ్ళకు అందుతుంది.

వచ్చిన కోడ్‌ని చదివేటప్పుడు నాలుగు చోట్ల ఆగండి. అసలైన బటన్ ట్యాగ్ వాడిందా, లేక ఖాళీ డబ్బాకి క్లిక్ తగిలించిందా? ఫోకస్ గీతని అందం కోసం తీసేసిందా? మీరు చెప్పని ఆప్షన్లు కలిపిందా? మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఐకాన్ కాంపొనెంట్‌ని వదిలేసి కొత్తది పుట్టించిందా? నాలుగూ తేలాక ఆరు స్థితులనూ కాంపొనెంట్లను విడిగా చూపించే స్టోరీబుక్ టూల్‌లో పేర్చి, కీబోర్డు ఒక్కదానితో నడిపి చూడండి.

తెలుగు పెట్టి చూడండి

ఏఐ టూల్స్ ఇచ్చే డిజైన్లలో నమూనా మాటలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. కొలతలు కూడా వాటికి తగ్గట్టే పడతాయి. మీ యాప్‌లో తెలుగు ఉంటే మొదటి రోజు నుంచే తెలుగుతో పరీక్షించాలి.

మన లిపికి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు శీర్షికకి సరిపోయే 1.2 లైన్ హైట్‌లో ‘రాష్ట్రం’ అని రాస్తే కింది వత్తు తర్వాతి లైన్‌కి తగలవచ్చు, ఇరుకు డబ్బాలోనైతే తెగిపోవచ్చు. 1.5 దగ్గర మొదలుపెట్టి మీ ఫాంట్‌ని బట్టి సవరించుకోండి. తెలుగు లైన్ హైట్‌కి వేరే టోకెన్ పెట్టండి.

రెండోది అక్షరాల లెక్క. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్ పాయింట్లు. పేరు పొడవైతే పది క్యారెక్టర్ల దగ్గర కత్తిరించమని రాసిన కోడ్ ఆ అక్షరాన్ని మధ్యలో విరిచి, విడిపోయిన పొల్లుని చూపించవచ్చు. కంటికి కనిపించే అక్షరాల ప్రకారమే కత్తిరించాలని నియమం రాయండి.

మూడోది ఫాంట్ మందం. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లకు ఒకే మందం ఉంది. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే పులిమి లావు చేస్తుంది, వత్తులు అలుక్కుపోతాయి. పలు మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు లాంటివి ఎంచుకోండి. నాలుగోది అంకెలు. లక్షని 100,000 అని కాకుండా 1,00,000 అని చూపించాలని రాసిపెట్టండి.

ఐదోది అన్నిటికన్నా ముఖ్యం, మర్యాద. మీ యాప్ యూజర్‌ని ‘పంపండి’ అంటుందా, ‘పంపు’ అంటుందా? రెండూ వాడుకలో ఉన్నవే కాబట్టి ఏఐ ఒక్కోసారి ఒక్కోటి రాస్తుంది. ఒకటి ఎంచుకుని, పది నమూనా వాక్యాలతో సహా రాయండి. తప్పు జరిగినప్పుడు చెప్పే మాట కూడా అందులో ఉండాలి: ‘చెల్లని ఇన్‌పుట్’ అనాలా, ‘ఫోన్ నంబరులో పది అంకెలు ఉండాలి’ అనాలా?

ఏఐ చదవాల్సిన పేజీ

కోడ్ రాసే ఏఐ టూల్స్ చాలావరకు ప్రాజెక్టులో ఉంచిన సూచనల ఫైల్‌ని పని మొదలుపెట్టేముందు చదువుకుంటాయి. దానికి ఒక్కో టూల్‌లో ఒక్కో పేరుంటుంది. మీ డిజైన్ సిస్టమ్ సారం అక్కడ ఉండాలి. అన్నీ కుక్కితే ఏదీ పట్టదు. నాలుగు సంగతులు చాలు: టోకెన్లు, కాంపొనెంట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఏవి నిషేధం, ఒప్పందం పేజీలు ఎక్కడున్నాయి, కావాల్సిన కాంపొనెంట్ లేకపోతే కొత్తది చేయకుండా ఆగి అడగాలి. ఈ చివరి వాక్యం ఒక్కటే చాలా చెత్తని ఆపుతుంది.

ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన ఎంసీపీ అనే ప్రోటోకాల్ వల్ల ఏఐ టూల్ బయటి సాఫ్ట్‌వేర్‌తో నేరుగా మాట్లాడగలుగుతోంది. ఫిగ్మా 2025లో తన ఎంసీపీ సర్వర్‌ని బీటాగా తెచ్చింది. దాంతో ఏఐ మీ డిజైన్‌ని బొమ్మగా చూసి అంచనా వేయకుండా, అందులో ఏ కాంపొనెంట్, ఏ వేరియబుల్ వాడారో చదవగలదు. అయితే ఫైల్‌లో లేయర్ పేరు ‘ఫ్రేమ్ 427’ అని ఉంటే అది చదివేదీ అదే. ఫిగ్మాలోనూ, కోడ్‌లోనూ ఒకే పేరు ఉండేలా చూసుకోండి.

కాపాడుకోవడం: కట్టడం కన్నా పెద్ద పని

డిజైన్ సిస్టమ్ ఒక్కరోజులో పాడవదు. గడువు దగ్గరపడినప్పుడు ఒకరు ‘ఈ ఒక్కసారికి’ అని రంగు మారుస్తారు. ఆ కోడ్‌ని నమూనాగా తీసుకుని ఏఐ దాన్నే ఇంకో నాలుగుచోట్ల రాస్తుంది. ఏఐ చుట్టూ ఉన్న కోడ్‌ని చూసి నేర్చుకుంటుంది కాబట్టి మంచి ఎంత త్వరగా పాకుతుందో చెడూ అంతే త్వరగా పాకుతుంది. కాబట్టి కాపలా మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

మూడు కాపలాలు పెట్టండి. కోడ్‌లో నేరుగా రంగు విలువ రాస్తే ఒప్పుకోని లింట్ (కోడ్‌ని తనిఖీ చేసే టూల్) నియమం. మార్పుకి ముందు, తర్వాత తీసిన స్క్రీన్‌షాట్లను పోల్చి తేడా చూపించే పరీక్ష. కాంట్రాస్ట్, లేబుళ్ళ లాంటివి చూసే యాక్సెసిబిలిటీ పరీక్ష. మూడిటినీ అమర్చడానికి ఏఐ సాయం తీసుకోండి. అమర్చాక అవి ఏఐ రాసిందాన్నీ, మీరు రాసిందాన్నీ ఒకే కొలబద్దతో చూస్తాయి. యాక్సెసిబిలిటీ లోపాల్లో యంత్రం పట్టుకోగలిగేవి కొన్నే. కళ్ళు మూసుకుని స్క్రీన్ రీడర్‌తో ఒకసారి నడిపి చూడటం మీ వంతు.

మార్పులకు వెర్షన్ అంకె పెట్టండి. 2.4.1 లాంటి అంకెలో చివరిది చిన్న మరమ్మతుకి, మధ్యది కొత్తగా చేర్చినదానికి, మొదటిది పాత కోడ్‌ని విరగ్గొట్టే మార్పుకి. పాత కాంపొనెంట్‌ని హఠాత్తుగా తీసేయకుండా, తీసేస్తామని ముందుగా ప్రకటించి, ప్రత్యామ్నాయం చూపించి, గడువు ఇవ్వండి. పాతదాని స్థానంలో కొత్తది పెట్టుకుంటూ పోయే స్క్రిప్ట్ రాయడం ఏఐకి వెన్నతో పెట్టిన విద్య. మార్పుల జాబితా చిత్తుప్రతి రాయడం, డాక్యుమెంట్‌లో ఒకటి, కోడ్‌లో ఒకటి ఉన్నచోట్లు వెతికిపెట్టడం కూడా దానికి అప్పగించదగ్గ పనులే.

అప్పగించకూడని పని ఒకటుంది: కొత్తది చేర్చాలా వద్దా అన్నది. గవ్.యూకే బృందం ఎవరైనా కొత్త కాంపొనెంట్ ప్రతిపాదిస్తే ముందు రెండు ప్రశ్నలు వేస్తుంది: ఇది చాలామందికి పనికొస్తుందా? ఉన్నవాటిలో ఏదీ ఈ పని చేయదా? ప్రచురించే ముందు ఇంకో మూడు చూస్తుంది: యూజర్లతో పరీక్షిస్తే నెగ్గిందా, మిగతావాటితో పొసగుతుందా, రకరకాల సేవల్లో ఒదుగుతుందా? ఈ ఐదూ మీ పేజీలోకి ఎత్తి రాసుకోండి. కాంపొనెంట్ పుట్టించడం ఇంత తేలికైన కాలంలో ‘వద్దు’ అనగల మనిషి ఒకరు కావాలి. చిన్న టీమ్ అయితే వారానికి ఒక గంట ఆ పనికి కేటాయించి, ఆ మనిషి పేరు పేజీ పైన రాయండి.

నాలుగు వారాల సాధన

మొదటి వారం: గవ్.యూకే, మెటీరియల్, ఐబీఎం వారి కార్బన్ మూడింటిలోనూ బటన్ పేజీ చదవండి. ఎక్కడ ఏకీభవించారు, ఎక్కడ విడిపోయారు, ఎందుకు అన్నది అరపేజీ రాయండి. ఏఐ సాయం వద్దు.

రెండో వారం: మీకు తెలిసిన ఒక యాప్ తీసుకుని రంగులు, సైజులు లెక్కపెట్టండి. ముప్పై టోకెన్లకు మించకుండా మూడు అంతస్తుల్లో రాయండి. ప్రతిదానికీ వాడాలి, వాడకూడదు అన్న రెండు వాక్యాలు.

మూడో వారం: బటన్, ఇన్‌పుట్. బటన్ కోడ్‌ని మీరే రాయండి, ఇన్‌పుట్‌ని ఏఐతో రాయించండి. ఏఐ రాసిన ప్రతి లైన్ ఎందుకుందో పక్కవాళ్ళకు చెప్పలేకపోతే ఆ లైన్‌ని నేర్చుకున్నాకే ఉంచండి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘వైశిష్ట్యం’ మూడు మాటలనూ రెండిటిలోనూ పెట్టి చూడండి.

నాలుగో వారం: ముందు మాటలేవీ గుర్తులేని కొత్త సెషన్ తెరవండి. మీరు రాసిన పేజీలు మాత్రమే ఇచ్చి, మీ యాప్‌లో ఇప్పటిదాకా లేని స్క్రీన్ ఒకటి చేయమనండి. వచ్చినదాంట్లో మీ పేజీల్లో లేని విలువ, మాట, కాంపొనెంట్ కనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. వాటిలో మీకు నచ్చినవి కూడా ఉండవచ్చు, వాటికీ గుర్తు పెట్టాల్సిందే. ఒక్కొక్క గుర్తు దగ్గర ఆగి, నిర్ణయం తీసుకుని, సరైన పేజీలో రాయండి. తర్వాత ఇంకో కొత్త సెషన్‌లో అదే పరీక్ష మళ్ళీ పెట్టండి. గుర్తుల సంఖ్య తగ్గిందంటే మీ సిస్టమ్ ఎదిగినట్టు. ఆ పరీక్షని నెలకొకసారి పెట్టుకోండి.